నూటఇరవై రోలు కెమెరా: సందేహాలు – సమాధానాలు

ఈసారి పావగడ తాలూకా నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి: తక్కువ ఖర్చులో పాత మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా కొనడం. ఒకప్పుడు మన ఊళ్ల స్టూడియోల్లో పెళ్లి ఫోటోలు తీసిన నూటఇరవై రోలు కెమెరాలే ఇవి. పాత వస్తువు కొంటున్నామంటే గుండెలో గుబులు ఉంటుంది. అందుకే ఉత్తరాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్రశ్న: రెండేళ్లుగా కూడబెట్టిన ముప్పై వేలు ఉన్నాయి. చంద్రుడి మీదికి వెళ్లిన హాసెల్‌బ్లాడ్ కొనాలని కోరిక. ఆ డబ్బుకు మంచిది రాదంటున్నారు. తక్కువ రకం కొని తర్వాత బాధపడతానేమో? – డిగ్రీ విద్యార్థి, పావగడ

సమాధానం: బాధపడే పరిస్థితి రాదు, నిశ్చింతగా ఉండండి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వాడింది హాసెల్‌బ్లాడే, నిజమే. అయితే ఆ కంపెనీ 500సి/ఎం మోడల్ తీసే నెగెటివ్‌కూ, యాషికా మ్యాట్ 124జి తీసే నెగెటివ్‌కూ కొలత ఒకటే: ఆరుకు ఆరు సెంటీమీటర్లు. మామూలు 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు అది మూడున్నర రెట్లు పెద్దది. యాషికా, రోలికార్డ్ లాంటి రెండు కళ్ల ట్విన్ లెన్స్ కెమెరా చూడండి. మీ సొమ్ములో మూడింట రెండు వంతులకు మించి దానికి పెట్టకండి. మిగిలింది సర్వీసుకూ ఫిల్ముకూ కావాలి.

ప్రశ్న: మా తాతగారి స్టూడియో మూసేసి ముప్పై ఏళ్లు. బీరువాలో ఆయన యాషికా దొరికింది. టార్చి వేసి చూస్తే పై లెన్స్‌లో సాలెగూడు లాంటి పోగులు కనిపించాయి. ఇక పారేయాల్సిందేనా? – గృహిణి, పావగడ

సమాధానం: పారేయకండమ్మా, మీ తాతగారి కెమెరా బతికే ఉండొచ్చు. ఆ పోగులు బూజు, దీన్నే ఫంగస్ అంటారు. పై లెన్స్ మనం చూసుకోవడానికి మాత్రమే, ఫోటో తీసేది కింది లెన్స్. కాబట్టి పైదానిలో బూజు ఉన్నా నెగెటివ్ మీద దాని జాడ పడదు. కింది లెన్స్‌లో అంచున ఒకటి రెండు పోగులుంటే కూడా ఫరవాలేదు. నడిమధ్య గాజు మసకబారి, వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు పాలపొర లాగా కనిపిస్తే మాత్రం మెకానిక్‌కు చూపించండి. తోలు కవరు చెమ్మను పట్టి ఉంచుతుంది, అందులోంచి తీసి గాలి ఆడేచోట పెట్టండి.

ప్రశ్న: బెంగళూరు చిక్‌పేట సండే బజారులో ఒక రోలికార్డ్ చూశాను. ఒక సెకను దగ్గర పెట్టి నొక్కితే షటర్ తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అమ్మేవాడు “వాడితే అదే సర్దుకుంటుంది” అన్నాడు. నమ్మొచ్చా? – ప్రైవేటు ఉద్యోగి, తిరుమణి

సమాధానం: మీ అనుమానం మంచిదే, అయితే ఇందులో పెద్ద ప్రమాదం లేదు. ఏళ్ల తరబడి వాడకపోతే లోపలి గ్రీజు, కుట్టు మిషన్‌లో ఎండిపోయిన నూనె లాగా గట్టిపడుతుంది. అందుకే నిదానపు వేగాలు మొరాయిస్తాయి. 1/60, 1/125, 1/250 శుభ్రంగా పడుతుంటే మన ఎండలో ఫోటోలకు ఇబ్బంది ఉండదు, సర్వీసు ఖర్చు తగ్గించి ధర అడగండి. 1/125 దగ్గర కూడా రేకులు సగంలో ఆగినా, రేకుల మీద నూనె మెరిసినా వదిలేయండి. ఇంట్లో ఎవరైనా కిరసనాయిలో కొబ్బరినూనో చుక్క వేద్దామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: కొత్తగా కొన్న ట్విన్ లెన్స్ కెమెరాలో మనిషి కుడికి నడిస్తే గాజు మీద ఎడమకు నడుస్తున్నాడు. లోపల అద్దం తిరగబడిందా? నన్ను మోసం చేశారా? – ఆటో డ్రైవర్, నాగలమడికె

సమాధానం: ఎవరూ మోసం చేయలేదు, మీ కెమెరా సరిగ్గా పనిచేస్తోంది. ఒకే అద్దంలో పడిన బొమ్మను పైనుంచి చూస్తున్నారు కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఫోటోలో అంతా సవ్యంగానే వస్తుంది. ఒకటి రెండు రోళ్లు తీసేసరికి చెయ్యి అలవాటు పడుతుంది. దగ్గరి ఫోటోల్లో తల పైభాగం కాస్త తెగితే అదీ సహజమే. చూసే లెన్స్ పైన, తీసే లెన్స్ కింద ఉన్నాయి కాబట్టి దగ్గరకు వెళ్లినప్పుడు కెమెరాను కొద్దిగా పైకెత్తండి.

ప్రశ్న: నా 124జిలో లైట్ మీటర్ ముల్లు కదలడం లేదు. దానికి వేసే పాత బ్యాటరీ ఎక్కడా దొరకడం లేదంటున్నారు. కెమెరా పనికిరాకుండా పోయినట్టేనా? – ఉపాధ్యాయుడు, వై.ఎన్.హొసకోట

సమాధానం: మాస్టారూ, మీ కెమెరాకు బ్యాటరీతో పనే లేదు, ఒక్క మీటరుకు తప్ప. షటర్ మొత్తం స్ప్రింగుల మీద నడుస్తుంది. 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీలు పర్యావరణానికి చేటని ఆపేశారు. చెవిటి మిషన్‌కు వాడే 675 నంబరు జింక్ బిళ్ల చాలామందికి ఆ లోటు తీరుస్తోంది, కాకపోతే చుట్టూ చిన్న రింగు కావాలి. దానితోనూ ముల్లు కదలకపోతే మీటరును మర్చిపోండి. నడి ఎండలో 100 ఐఎస్ఓ ఫిల్ముకు అపెర్చర్ 16, షటర్ 1/125 పెట్టండి. మబ్బు పడితే 8కి తెరవండి.

ప్రశ్న: మా ఆయన వేరుశనగ అమ్మిన డబ్బుతో పాత కెమెరా కొంటానంటున్నారు. రేపు ఫిల్మ్ తయారీయే ఆగిపోతే ఆ డబ్బంతా మట్టిపాలేనా? – ఒక ఇల్లాలు, వై.ఎన్.హొసకోట దగ్గరి పల్లె

సమాధానం: పంట డబ్బు గురించి అడగడం మీ బాధ్యతమ్మా, తప్పేమీ లేదు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ సరుకు ఆగిపోయింది కాబట్టి మీ భయం ఊరికే పుట్టింది కాదు. అయినా 1901లో కొడాక్ తెచ్చిన నూటఇరవై రోలును నేటికీ అమెరికాలో కొడాక్, ఇంగ్లండ్‌లో ఇల్ఫోర్డ్, చెక్ దేశంలో ఫోమా తయారు చేస్తూనే ఉన్నాయి. పనిచేసే కెమెరా అయితే మళ్లీ అమ్ముకోవచ్చు, కాల్చిన ఫిల్ముకు పెట్టింది మాత్రం తిరిగి రాదు. కాబట్టి ‘నెలకు ఒక్క రోలు’ అని ఇంట్లో ముందే మాట అనుకోండి. అప్పు చేసి మాత్రం కొననివ్వకండి.

ప్రశ్న: అటక మీద రెండు పెట్టె కెమెరాలు దొరికాయి. ఒకటి అగ్ఫా క్లిక్ త్రీ, రెండోది ‘సిక్స్-20’ అని రాసి ఉన్న కొడాక్. ఉచితంగా దొరికాయి కదా, వీటితో మొదలుపెట్టొచ్చా? రోలు పట్టకపోతే బలవంతం చేయాలా? – ఇంటర్ విద్యార్థిని, పావగడ

సమాధానం: తప్పకుండా మొదలుపెట్టమ్మా, కానీ దేన్నీ బలవంతం చేయకు. క్లిక్ త్రీలో ఈనాటి నూటఇరవై రోలు నేరుగా పడుతుంది, పన్నెండు ఫోటోలు వస్తాయి. కొడాక్ సిక్స్-20కి కావలసింది 620 రోలు. ఫిల్మ్ వెడల్పు అదే అయినా దాని స్పూలు సన్నం, కొడాక్ దాన్ని 1995లో ఆపేసింది. చీకట్లో నూటఇరవై ఫిల్మును పాత 620 స్పూలుకు చుట్టుకుంటే అదీ పనిచేస్తుంది, అందుకని లోపలున్న ఖాళీ స్పూలు పారేయకు. ముందు క్లిక్ త్రీతో, మంచి ఎండలో, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీసి చూడు.

ప్రశ్న: నిడగల్ దుర్గం ఎక్కి ఫోటోలు తీయాలని మామియా ఆర్‌బి67 మాట్లాడుకున్నాను. ధర అందుబాటులో ఉంది. అయితే దాన్ని మోసి నడుం పట్టేసిన వాళ్లున్నారని విన్నాను. నిజమేనా? – జిమ్ ట్రైనర్, పావగడ

సమాధానం: నడుం మాటేమో గానీ బరువు మాట నిజం. 1970లో వచ్చిన ఈ కెమెరా స్టూడియో స్టాండు మీద నిలబెట్టడానికి పుట్టింది. లెన్స్, బ్యాక్, ఫైండర్ కలిపితే రెండున్నర కిలోలు దాటుతుంది. దాని పదును గొప్పది, ఆరుకు ఏడు సెంటీమీటర్ల నెగెటివ్, రోలుకు పది ఫోటోలు, బ్యాటరీ అక్కరలేదు. ఇంట్లో, పెళ్లిలో, చెట్టు కింద మనుషుల బొమ్మలకు అయితే కళ్లు మూసుకుని కొనండి. కోట మెట్లెక్కడమే మీ పని అయితే కిలో పైచిలుకు తూగే ట్విన్ లెన్స్ చాలు. ఎలాగైనా అడ్వాన్సు ఇవ్వక ముందు ఒక గంట భుజాన వేసుకుని తిరిగి చూడండి.

ప్రశ్న: నిన్ననే ఆర్‌బి67 ఇంటికి వచ్చింది. ఎంత నొక్కినా షటర్ పడటం లేదు. చెయ్యి వణుకుతోంది, ఇరవై వేలు పోయినట్టేనా? – సెల్ షాపు యజమాని, పావగడ

సమాధానం: ఒక్క నిమిషం కెమెరా కింద పెట్టి నీళ్లు తాగండి, చాలాసార్లు ఇది చెడిపోవడం కాదు. బ్యాకులో పక్కనుంచి దూర్చిన పల్చటి రేకును డార్క్ స్లైడ్ అంటారు. అది లోపల ఉంటే, ఫిల్ము ఊరికే వెలుతురు తినకూడదని, షటర్ పడకుండా కెమెరాయే ఆపుతుంది. రేకు బయటికి తీయండి. బాడీ పక్కనున్న పెద్ద లివర్‌ను చివరిదాకా నొక్కండి, బ్యాకు మీది లివర్‌తో ఫిల్మ్ తిప్పండి, ఇవి రెండు వేర్వేరు పనులు. మూడూ చేశాక కూడా పడకపోతే బలం ఉపయోగించకుండా అమ్మినవాళ్లకు అదే రోజు చెప్పండి.

ప్రశ్న: తక్కువకు వస్తోందని బ్రోనికా ఈటీఆర్‌ఎస్ కొన్నాను. ఏ వేగం పెట్టినా ఒకే రకంగా ‘టక్’మంటోంది. లోపల సర్క్యూట్ కాలిపోయిందా? – ఎలక్ట్రీషియన్, పావగడ

సమాధానం: ముందు బ్యాటరీ చూడండి, సర్క్యూట్ సంగతి తర్వాత. ఈ కెమెరాలో షటర్ వేగాన్ని నడిపేది కరెంటు. ఆరు వోల్టుల చిన్న బ్యాటరీ అయిపోతే, ఏ అంకె మీద పెట్టినా అది 1/500 దగ్గరే పడుతుంది, అది దాని సహజ గుణం. కొత్తది వేసి, బ్యాటరీ గదిలో పచ్చటి చిలుమును మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక సెకను పెట్టి వినండి. అప్పటికీ మారకపోతే బాగు చేయించే ఖర్చు కెమెరా ధరకు దగ్గర పడొచ్చు. కాబట్టి వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఈ పరీక్ష చేయండి.

ప్రశ్న: జపాన్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామనుకుంటున్నా. ‘నియర్ మింట్’ అని రాసి కిందనే ‘అన్‌టెస్టెడ్’ అని కూడా రాశారు. రెండింటిలో ఏది నమ్మాలి? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు, స్వస్థలం పావగడ

సమాధానం: రెండో మాటనే నమ్మండి. ‘నియర్ మింట్’ అనేది పైమెరుపు గురించి అమ్మేవాడు రాసుకున్న మార్కు, ‘అన్‌టెస్టెడ్’ అంటే చెడిపోయి ఉంటే బాధ్యత మీదేనని అర్థం. జపాన్ దుకాణాల్లో మంచి సరుకు ఉంటుంది, అందులో భయమేమీ లేదు. ఒక సెకను షటర్ పడే వీడియో, లెన్స్‌లోంచి టార్చి వేసిన ఫోటో అడగండి. తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా కలిపి లెక్క వేశాక, అదే ధరకు బెంగళూరులో చేత్తో పట్టి చూసుకునేది దొరికితే దాన్నే తీసుకోండి.

ప్రశ్న: చవగ్గా వస్తోందని తీసుకున్న బ్యాకు మీద ‘220’ అని ఉంది. నేను తెచ్చింది నూటఇరవై రోలు. వేస్తే కెమెరా పాడవుతుందా? – స్టూడియో సహాయకుడు, మధుగిరి రోడ్డు, పావగడ

సమాధానం: కెమెరాకు ఏమీ కాదు, కానీ ఇలా చవగ్గా రావడానికి కారణం అదే. 220 రోలులో ఫిల్మ్ వెనక కాగితం ఉండదు, పొడవు రెట్టింపు, ఆరుకు ఆరులో ఇరవై నాలుగు ఫోటోలు వస్తాయి. ఆ ఫిల్మును పెద్ద కంపెనీలు ఆపేశాయి. నూటఇరవై రోలును అందులో వేస్తే లెక్క తప్పుతుంది, ఫిల్మ్ నిలిచే మట్టం కూడా కాస్త తేడా పడొచ్చు. మార్చి ‘120’ అని రాసి ఉన్న బ్యాకే అడగండి, ఒప్పుకోకపోతే ధరలో ఆ మేరకు తగ్గించుకోండి.

ప్రశ్న: మొదటి రోలు కడిగించాను. పన్నెండింటిలో ఐదు ఫోటోల అంచుల మీద తెల్లటి మంటల్లాంటి చారలు. కొత్త కెమెరా కొనాల్సి వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదు. – పెళ్లి ఫోటోగ్రాఫర్, పావగడ

సమాధానం: ఈ రాత్రి నిద్రపోండి, ఇది చిన్న రిపేరుతోనో అసలు రిపేరు లేకుండానో తీరిపోయే సమస్య. వెలుతురు లోపలికి చొరబడటాన్ని లైట్ లీక్ అంటారు. చారలు మొదటి, చివరి ఫోటోల్లోనో, రోలు అంచుల్లోనో మాత్రమే ఉంటే తప్పు కెమెరాది కాదు. ఎండలో నిలబడి రోలు మార్చారు, లేదా చుట్టినప్పుడు వదులుగా చుట్టుకుంది. నీడకు వెళ్లి, బొటనవేలితో రోలును బిగువుగా పట్టి మార్చండి. ప్రతి ఫోటోలోనూ ఒకే చోట చార వస్తుంటే వెనక తలుపు చుట్టూ ఉన్న నల్ల ఫోమ్ బంకగా మారి ఊడుతోందన్నమాట. ఆ ఫోమ్ మార్పించడం పెద్ద పని కాదు.

ప్రశ్న: తిరుమణి సోలార్ పార్కులో పనిచేస్తున్నాను. ఏప్రిల్‌లో కెమెరాను బైకు డిక్కీలో రెండు రోజులు మరిచిపోయాను. లోపల 400 ఫిల్మ్ ఉంది. అంతా కరిగిపోయి ఉంటుందా? పలకల తళుకుకు ఫోటో తెల్లబడుతుందా? – సెక్యూరిటీ ఉద్యోగి, తిరుమణి

సమాధానం: కరిగిపోదు, ఆ రోలు పూర్తి చేసి కడిగించండి. నలుపు తెలుపు ఫిల్మ్ రెండు రోజుల వేడికి తట్టుకుంటుంది, రంగు ఫిల్మ్ కాస్త వెలిసినట్టు కనిపించొచ్చు, అంతే. అలవాటుగా పెడితే మాత్రం లెన్స్ గ్రీజు కరిగి షటర్ రేకుల మీదికి వస్తుంది, అప్పుడు ఖర్చు తప్పదు. పదమూడు వేల ఎకరాల పలకల మీద మెరిసే ఎండకు 400 ఫిల్మ్ అవసరం లేదు, 100 వేసుకుని లెన్స్ ముందు హుడ్ తగిలించండి. అక్కడ తీసేముందు పై అధికారి అనుమతి తీసుకోవడం మరిచిపోకండి.

ప్రశ్న: మా ఇంటి గుంత మగ్గం ఫోటోలు తీయాలి. గదిలో ఒక్క కిటికీ. లెన్సులు మార్చుకునే సిస్టమ్ కొనాలని అందరూ అంటున్నారు. అంత డబ్బు లేదు, తప్పదా? – నేత పనివారి అబ్బాయి, వై.ఎన్.హొసకోట

సమాధానం: తప్పనిసరి కాదు, ఒక లెన్స్‌తో ఏడాదంతా పని చేయొచ్చు. ట్విన్ లెన్స్‌లో అద్దం ఎగరదు, అందుకే నిదానపు వేగాల్లోనూ అదురు తక్కువ. 400 ఫిల్మ్, ఒక స్టాండు, షటర్‌కు కేబుల్ ఉంటే మీ కిటికీ వెలుతురు సరిపోతుంది. నాడె వేసే చెయ్యి కొంచెం చెదిరినట్టు వస్తే అది తప్పు కాదు, మగ్గం నడుస్తోందని తెలుస్తుంది. రేపు లెన్సులు కావాలనిపిస్తుందనుకుంటే మామియా సి220 చూడండి. ట్విన్ లెన్స్ అయినా 55 నుంచి 250 మిల్లీమీటర్ల దాకా లెన్సులు మార్చుకోవచ్చు. మొదట 80తోనే తీసుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే ఫిల్మ్ కడుగుదామనుకుంటున్నా. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. పళ్లను పాడుచేసిన నీళ్లు నెగెటివ్‌ను వదులుతాయా? – సైన్స్ ఉపాధ్యాయిని, పావగడ తాలూకా

సమాధానం: నెగెటివ్‌కు ఫ్లోరైడ్ వల్ల భయం లేదు, టీచరమ్మా. ఇబ్బంది పెట్టేది నీళ్లలోని ఉప్పదనం: ఆరిన తర్వాత తెల్లటి మచ్చలుగా మిగులుతుంది. డెవలపర్ కలపడానికీ, ఆఖరు సారి జాడించడానికీ ఊళ్లోని శుద్ధ నీటి ప్లాంటు నీళ్లు వాడండి, మధ్యలో కడగడానికి కుళాయి నీళ్లు చాలు. అంతకంటే ముఖ్యం వేడి. మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలి, వేసవిలో మన నీళ్లు అంతకంటే బాగా వేడిగా ఉంటాయి కాబట్టి సీసాను మంచు ముక్కలు వేసిన టబ్బులో నిలబెట్టండి. మంచు మందులో పడకూడదు.

ప్రశ్న: ఒకప్పుడు ఊళ్లో పెళ్లిళ్లన్నీ నేనే తీశాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, చూపు తగ్గింది. మనవడు పాత కెమెరా కొనిస్తానంటున్నాడు. ఈ వయసులో వద్దనుకోవాలా? – పాత స్టూడియో ఫోటోగ్రాఫర్, పావగడ

సమాధానం: వద్దనకండి పెద్దాయనా, మీ చేతిలో ఉన్న పని మాకెవరికీ లేదు. ట్విన్ లెన్స్‌ను మెడకు తగిలించి ఛాతీకి ఆనించి పట్టుకుంటే పట్టీ బిగువుకు వణుకు చాలావరకు అణుగుతుంది, 1/125కు తగ్గించకుండా తీయండి. పై మూతలో మడిచి ఉన్న చిన్న భూతద్దాన్ని పైకి లేపితే ఫోకస్ తేటగా కనిపిస్తుంది. అప్పటికీ గాజు మీద బొమ్మ మసకగా ఉంటే ముందు కంటి డాక్టర్‌ను చూడండి, కెమెరాను అనుమానించడం తర్వాత. మనవడిని మాత్రం కొనే రోజు మిమ్మల్ని వెంట తీసుకెళ్లమనండి, షటర్ చప్పుడు మీరు వింటే చాలు.

ఉత్తరాలు రాసే అందరికీ ఒక మనవి. కొనదలచిన కెమెరా పేరు, మీ దగ్గరున్న సొమ్ము, లెన్స్‌లోంచి టార్చి వేసి తీసిన ఒక ఫోటో జతచేసి పంపండి. పేరు గొప్పది కాకపోయినా షటర్ నమ్మకంగా పడేది, కొన్నాక పది రోళ్లకు డబ్బు మిగిల్చేది, అదే మీకు సరైన కెమెరా. డబ్బు చేతులు మారకముందే రాయండి. మారాక రాసే ఉత్తరానికి జవాబు ఇవ్వగలను గానీ, ఆ డబ్బు తెప్పించలేను.